పక్కన కూర్చునే మనిషి

పోయినేడాది ఎండాకాలంలో ఒక రాత్రి 11 దాటాక చెల్లి ఫోన్ చేసింది. చెల్లి అంటే మా పిన్ని కూతురు. తిరుపతిలో సైకాలజీ పీజీ చదువుతోంది. ఆ నెలలోనే ఇంటర్న్‌షిప్‌కి చేరింది. ఎక్కడ చేరిందో ఊరి పేరు, సంస్థ పేరు ఇక్కడ చెప్పను.

"అన్నా, నిద్రపోయినావా?"

"లేదు, చెప్పు."

"ఒక మాట అడగాల. నువ్వు ఇంజినీరువే గానీ, ఇంకెవర్ని అడగాలో తెలీలేదు."

అది ఆమెకి ఇంటర్న్‌షిప్‌లో నాలుగో రోజు. సీనియర్ వేరే ఊరికి పోయి ఉన్నారు. ఒకామె వస్తే, "నువ్వు మాట్లాడుతా ఉండు, ఊరికే హిస్టరీ రాసుకో చాలు" అని చెప్పి చెల్లిని ఒక గదిలో కూర్చోబెట్టారట. వచ్చినామె ముప్పావుగంట అత్త గురించి, అప్పుల గురించి చెప్పింది. లేచి పోయేముందు తలుపు దగ్గర ఆగి, ఇంక బతకాలని లేదు అనే అర్థం వచ్చే మాట ఒకటి అని వెళ్లిపోయింది. చెల్లి ఆ మాటని నోట్‌బుక్‌లో రాసుకుంది. సీనియర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్‌కి రెండు నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు.

"రాసుకున్నాను గానీ, రాసుకుని ఏం చేయాల్నో ఎవురూ చెప్పలేదునా."

నాకు తోచింది ఒక్కటే. ఆ సంస్థలో ఇంకెవరు పెద్దవాళ్లుంటే వాళ్లని ఇప్పుడే లేపమన్నాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోన్ సేవ ఉందనీ, 14416కి ఏ వేళప్పుడు చేసినా పలుకుతారనీ నాకు అప్పటికి తెలియదు. తెలిసుంటే ముందు అదే చెప్పేవాణ్ణి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. నా మొదటి ఉద్యోగంలో ఆరు నెలల పాటు నేను రాసిన ఒక్క లైను కూడా ఇద్దరు సీనియర్లు చదవకుండా బయటికి పోలేదు. నేను రాసిందల్లా ఒక షాపింగ్ సైట్‌లో బటన్ రంగు, దాని పక్కన వచ్చే ఎర్ర చుక్క. వాటికి ఇద్దరు కాపలా. తప్పు పోయినా పది నిమిషాల్లో పాత వెర్షన్ పెట్టేసుకోవచ్చు. చెల్లి ముందు కూర్చున్న మనిషికి పాత వెర్షన్ అంటూ ఏదీ లేదు. అయినా ఆ గదిలో చెల్లి పక్కన ఎవరూ లేరు.

ఆ రాత్రి తర్వాత ఈ "పర్యవేక్షణలో ఇంటర్న్‌షిప్" అనేది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. నేను సైకాలజీ చదివినవాణ్ణి కాదు. ఊళ్లో చూసిందాన్నీ పుస్తకాల్లో చదివినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మాత్రం చేతనవుతుంది. ఈ వ్యాసం అలా పుట్టిందే.

*

మాది నగరి. చెన్నై నుంచి తిరుపతి పోయే దారిలో, తమిళనాడు సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. ఊళ్లోకి రాకముందే మరమగ్గాల చప్పుడు వస్తుంది. మా వీధిలో పిల్లలెవరికీ మగ్గం పని ఎవరూ "నేర్పలేదు". ముందు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టేవాళ్లు. తర్వాత పోగు తెగితే ముడేయడం. ముడేసినప్పుడు నాయన తిరిగి చూసేవాడు కాదు, వేలితో ఒకసారి బట్టని తడిమేవాడు. తేడా ఉంటే మగ్గం ఆగిపోయేది. నేర్చుకునేవాడి తప్పు గజం బట్టలోకి పోకముందే పట్టుకునే చెయ్యి ఒకటి పక్కన ఉండేది.

నగరి పక్కనే పుత్తూరు. పుత్తూరు కట్టు అంటే తెలుగువాళ్లకీ తమిళులకీ చెప్పక్కర్లేదు. ఎముక విరిగితే రాచపాళెం పోయి ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో కట్టు కట్టించుకుని వస్తారు. ఏడో తరగతిలో నా మోచెయ్యి విరిగినప్పుడు నన్నూ తీసుకుపోయారు. నాకు గుర్తున్నది నొప్పి కాదు, అక్కడ కూర్చున్న ఇద్దరు మనుషులు. పెద్దాయన చెయ్యి పట్టుకుని తడిమి, పక్కనున్న కుర్రాడి చేతిని తీసి అదే చోట పెట్టాడు. "ఈడ్నే" అన్నాడు. కుర్రాడు తల ఊపాడు. కట్టు మాత్రం పెద్దాయనే కట్టాడు. ఆ వైద్యం శాస్త్రీయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ కుర్రాడు నా చేతిని ఒంటరిగా ముట్టుకోలేదన్నదే ఇక్కడ నేను చెప్పేది.

మరి మనసు విరిగితే? మా ప్రాంతంలో దానికి మూడు దారులుండేవి.

మొదటిది షోళింగర్. కొండ మీద యోగ నరసింహస్వామి, ఎదుటి చిన్న కొండ మీద యోగ ఆంజనేయస్వామి. మనసు చెడినవాళ్లనీ, గాలి సోకిందని అనుకున్నవాళ్లనీ అక్కడికి తీసుకుపోయి కోనేట్లో స్నానం చేయించి, మండలం రోజులు ఉంచే ఆచారం ఉంది. మా అవ్వ చెల్లెల్ని అలాగే ఉంచారట. ఆమెకి నయమైందని కొందరు, కాలేదని కొందరు. నయమైనా కాకపోయినా ఆ నలభై రోజులూ ఆమె పక్కన మా అవ్వ ఉండింది. ఆ సంగతి మాత్రం అందరూ చెబుతారు.

రెండోది కీల్పాక్. హైదరాబాదు వాళ్లకి "ఎర్రగడ్డ", ఉత్తరాంధ్ర వాళ్లకి "వైజాగు" ఎలాగో మా సరిహద్దు ఊళ్లకి "కీల్పాక్" అలాగ. ఊరి పేరు కాస్తా తిట్టు అయిపోయింది. బడిలో ఎవడైనా పిచ్చిగా ఎగిరితే "కీల్పాక్‌కి టికెట్ తీయండ్రా" అనేవాళ్లం. ఆ తిట్టు వెనక పెద్ద చరిత్రే ఉంది. మద్రాసులో 1794లో వాలెంటైన్ కొనొలీ అనే ఈస్టిండియా కంపెనీ సర్జన్ పెట్టిన ప్రైవేటు పిచ్చాసుపత్రి దాని మూలం. 1871లో అది కీల్పాక్‌లోని లోకాక్ తోటలోకి మారింది. అదే ఏడాది వాల్తేరులోనూ పిచ్చాసుపత్రి వచ్చింది. నిజాం రాజ్యానిది జాల్నాలో ఉండేది, 1953లో ఎర్రగడ్డకు తెచ్చారు.

ఇక్కడ మా ప్రాంతానికి మాత్రమే చెందిన ఒక తిరకాసు ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడూ, ఆ తర్వాత 42 ఏళ్లూ మేం మద్రాసు కిందే ఉన్నాం. కీల్పాక్ మా ఆసుపత్రి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, ఆ రాష్ట్రానికి మిగిలిన ప్రభుత్వ మానసిక ఆసుపత్రి విశాఖది. నగరి నుంచి కీల్పాక్ వంద కిలోమీటర్లు చిల్లర, విశాఖ 700కు పైనే. రాష్ట్రం గీత మార్చింది గానీ జనం దారి మార్చుకోలేదు. నా చిన్నప్పుడు కూడా మా వీధిలో "మనసు బాగలేదు" అంటే ఎక్కే బస్సు మద్రాసు బస్సే.

మూడోది వేలూరు. సీఎంసీ వాళ్లు బాగాయంలో 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం పెట్టారు. మొదలుపెట్టినది ఫ్లోరెన్స్ నికల్స్ అనే కెనడా డాక్టరు. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్లూ వచ్చి ఉండాలి. వండుకోవాలి, చూసుకోవాలి, డాక్టరు చెప్పేది వినాలి. అదే దశకంలో అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే డాక్టరు కూడా రోగుల కుటుంబాలని ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచాడు. పశ్చిమ దేశాలు రోగిని ఇంటి నుంచి వేరు చేయడమే వైద్యం అనుకుంటున్న కాలం అది. షోళింగర్‌లో మా అవ్వ చేసిన పనినే వేలూరులో ఒక పద్ధతిగా మార్చారు.

ఈ మూడు చోట్లా రోగి పక్కన ఎవరుండాలన్నదానికి ఏదో ఒక జవాబుంది. నేర్చుకునేవాడి పక్కన ఎవరుండాలన్న ప్రశ్నకి జవాబు మాత్రం వేరే చోట్ల వెతకాల్సి వచ్చింది.

*

1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి ఒక బడి టీచరు, అక్షరాలు సరిగా రాయలేకపోతున్న ఒక పిల్లాడిని తీసుకొచ్చింది. లైట్నర్ విట్మర్ అనే ప్రొఫెసర్ ఆ పిల్లాడిని పరీక్షిస్తే కంటిచూపులో లోపం బయటపడింది. విట్మర్ జర్మనీలో వుంట్ దగ్గర చదువుకున్నవాడు. అప్పటిదాకా సైకాలజీ అంటే ప్రయోగశాలలో గడియారాలు పెట్టి స్పందనలు కొలవడం. ఆ పిల్లాడి దగ్గర్నుంచే "క్లినికల్ సైకాలజీ" అన్న మాటా, మొదటి సైకాలజీ క్లినిక్కూ మొదలయ్యాయి.

ఇంటర్న్‌షిప్ మొదలైంది 1908లో అని చెబుతారు. న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే చోట మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల బడి ఒకటి ఉండేది. అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపిన హెన్రీ గొడ్డార్డ్ విద్యార్థులని తీసుకుని, పిల్లల మధ్య ఉంచి, తన కింద పని నేర్పడం మొదలుపెట్టాడు. ఫ్రాన్సు నుంచి బినే బుద్ధి పరీక్షని అమెరికాకి తెచ్చిందీ ఈయనే, అదే ఏడాది.

ఇక్కడిదాకా చదివి నేను చాలా సంతోషపడ్డాను. ఒక మంచి ఆలోచన పుట్టుక కథ దొరికిందనుకున్నాను. తర్వాతి పేజీల్లో ఆ సంతోషం పోయింది.

గొడ్డార్డ్ తన దగ్గర శిక్షణ పొందినవాళ్లని, ఎక్కువమంది ఆడవాళ్లే, ఊళ్ల మీదికి పంపాడు. బడిలో ఉన్న ఒక అమ్మాయి వంశంలో ఎంతమంది "మందబుద్ధులు" ఉన్నారో తేల్చమన్నాడు. ఎలిజబెత్ కైట్ అనే ఉద్యోగిని ఇల్లిల్లూ తిరిగింది. బతికున్నవాళ్లని చూపుతోనూ, ఎప్పుడో చనిపోయినవాళ్లని ఇరుగుపొరుగు మాటలతోనూ "నిర్ధారించారు". దాన్ని గొడ్డార్డ్ 1912లో కాలికాక్ కుటుంబం అనే మారుపేరుతో పుస్తకంగా వేశాడు. మందబుద్ధి వంశపారంపర్యం, అలాంటివాళ్లు పిల్లల్ని కనకుండా ఆపాలి అన్నది దాని సారాంశం. అమెరికాలో బలవంతపు కుటుంబ నియంత్రణ చట్టాలకి ఆ పుస్తకం ఊతమిచ్చింది. 1914లో జర్మన్‌లోకి పోయింది, 1933లో నాజీలు వచ్చాక అక్కడ మళ్లీ అచ్చయింది. 1928 నాటికి గొడ్డార్డ్ తన అభిప్రాయాలు కొన్ని వెనక్కి తీసుకున్నాడు గానీ అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

ఆ అమ్మాయిలకి పర్యవేక్షణ లేకపోలేదు. బ్రహ్మాండంగా ఉంది. అక్కడ తప్పు చేసింది పర్యవేక్షకుడే. వాళ్లు ఆయన కళ్లతో చూడటం నేర్చుకున్నారు, ఆయన చూడాలనుకున్నదే చూశారు. అందుకే "పక్కన ఒక పెద్ద మనిషి ఉంటే చాలు" అని నేను ఈ వ్యాసాన్ని ఇక్కడే ముగించలేను. పెద్దమనిషి పక్కన కూడా ఎవరో ఒకరుండాలి.

ఇదే ప్రశ్నకి ఇంకో రకం జవాబు 1920లో బెర్లిన్‌లో దొరికింది. మాక్స్ ఐటింగన్, ఆయన మిత్రులూ అక్కడ పేదలకి డబ్బు లేకుండానో తక్కువ డబ్బుకో మనోవిశ్లేషణ చేసే క్లినిక్ తెరిచారు. దానికి జతగా శిక్షణా పెట్టారు. నేర్చుకునేవాళ్లకి మూడు షరతులు. ముందు తామే రోగిలా వేరొకరి ముందు కూర్చోవాలి. సిద్ధాంతం చదవాలి. తర్వాత తాము చూసే కేసులని పెద్దవాళ్ల ముందు పెట్టి చర్చించాలి. వాటిలో మొదటిది నన్ను చాలాసేపు ఆపింది. ఇంకొకరి మనసు చూడబోయేవాడు ముందు తన మనసు చూపించుకోవాలట. మా రంగంలో దీనికి పోలిక లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లక్షలమంది సైనికులు మనసు దెబ్బతిని ఇంటికొచ్చారు. వాళ్లని చూసే మనుషులు లేరు. అమెరికా ప్రభుత్వం డబ్బు పెట్టింది. డేవిడ్ షాకో అధ్యక్షతన ఒక కమిటీ 1947లో శిక్షణ ఎలా ఉండాలో రాసింది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో రెండు వారాలు కూర్చుని ఒప్పుకున్నారు. క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ కావాలంటే పరిశోధనా రావాలి, వైద్యమూ రావాలి, ఏడాది పాటు ఆసుపత్రిలో ఇంటర్న్‌గా పని చేయాలి. ఈ రోజు ప్రపంచమంతా సైకాలజీ విద్యార్థులు నింపే గంటల పట్టికలకి తాత ఆ తీర్మానమే.

*

మన దగ్గర కథ వేరేగా నడిచింది. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో దేశంలోనే మొదటి సైకాలజీ శాఖ మొదలైంది. నడిపినది హార్వర్డ్‌లో చదివొచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి ఇంకొకటి మొదలుపెట్టాడు. ఈయన లండన్‌లో స్పియర్మన్ శిష్యుడు. 1935లో తన ఇంట్లోంచే రేడియో కేంద్రం నడిపి దానికి ఆకాశవాణి అని పేరు పెట్టినదీ ఈయనే.

కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు. కానీ బెర్లిన్ షరతు ఆయన విషయంలో కుదరలేదు. ఈ దేశంలో ఆయన్ని కూర్చోబెట్టి చూసే మనిషి అప్పటికి లేడు. తనని తానే విశ్లేషించుకుని, తర్వాతివాళ్లకి గురువయ్యాడు. ఎక్కడైనా మొదటివాడికి గురువు ఉండడు, నిజమే. కానీ మొదటివాడి ఒంటరితనాన్నే తర్వాతి తరాలకి పద్ధతిగా చేసేస్తే కష్టం. మన చదువుల్లో చాలావాటికి ఆ జబ్బు ఉంది.

తెలుగు పాఠకుడికి సైకాలజీ ఆసుపత్రి ద్వారా రాలేదు, నవల ద్వారా వచ్చింది. 1940ల్లో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వచ్చేసరికి న్యూనతాభావం, తల్లి నీడ లాంటి మాటలు మన చర్చల్లోకి వచ్చేశాయి. సీతారామారావునీ దయానిధినీ విశ్లేషించిన విమర్శకులు ఎంతమందో. అప్పటికి తెలుగు నేల మీద మనసు బాగలేని మనిషికి దొరికేది మాత్రం వాల్తేరు గోడలే. పాత్రల మనసు విప్పడానికి మనకెవరూ ఇంటర్న్‌షిప్ అడగలేదు. తప్పు చేసినా దయానిధికి వచ్చే నష్టం లేదు. విమర్శ రాసే నాలాంటివాళ్లకి ఉన్న ఈ సుఖం చెల్లికి లేదు.

1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. దానికోసం మూర్ టేలర్ అనే అధికారి దేశంలోని 19 మానసిక ఆసుపత్రులు తిరిగి చూశాడు. మొత్తం దేశానికి మంచాలు పదివేల చిల్లర. వైద్యం కన్నా బందిఖానా పద్ధతే ఎక్కువగా ఉందని రాశాడు. శిక్షణ పొందిన మనుషులు కావాలి, వాళ్లని తయారు చేసే సంస్థ కావాలి అని కమిటీ సిఫారసు చేసింది.

ఆ సంస్థ 1954 చివర్లో బెంగుళూరులో వచ్చింది. అప్పటి పేరు అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, 1974 నుంచి నిమ్హాన్స్. మొదటి డైరెక్టర్ ఎం.వి. గోవిందస్వామి. 1955లో డాక్టర్లకి ఒక డిప్లొమా, సైకాలజీ చదివినవాళ్లకి రెండేళ్ల డిప్లొమా మొదలుపెట్టారు. ఈ రెండోదే మన దేశంలో పర్యవేక్షణతో కూడిన క్లినికల్ శిక్షణకి పునాది. 1962లో రాంచీలోనూ అలాంటిదే వచ్చింది. 1970ల చివర్లో డిప్లొమా కాస్తా ఎం.ఫిల్. అయింది. వార్డులో రోగిని చూడటం, రాసింది సీనియర్ ముందు చదవడం, సైకియాట్రిస్టు, సోషల్ వర్కర్, నర్సు అందరూ కూర్చున్న చోట నిలబడి "నాకు ఇది తెలియలేదు" అనగలగడం అన్నీ ఆ రెండేళ్లలో ఉంటాయి.

మా తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1954లోనే. ఒకే ఏడాది, 250 కిలోమీటర్ల తేడాలో, ఒక చోట సైకాలజీ విద్యార్థిని రోగి పక్కన కూర్చోబెట్టే ఏర్పాటు, ఇంకో చోట మామూలు విశ్వవిద్యాలయం. తర్వాత తిరుపతిలో సైకాలజీ శాఖ వచ్చింది, వైద్య కళాశాల వచ్చింది, రుయా ఆసుపత్రి వచ్చింది. అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. తరగతి గదికీ వార్డుకీ మధ్య ఆటో చార్జీ అంత దూరం. ఆ దూరాన్ని దాటించే బాధ్యత మాత్రం దేశంలో చాలా విశ్వవిద్యాలయాల్లో లాగే విద్యార్థి మీదే పడింది.

చట్టం నెమ్మదిగా వెనకే వచ్చింది. 1992లో రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం, దాని కింద క్లినికల్ సైకాలజిస్టుల నమోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచిస్తూ, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాలపు చదువు అనే షరతుని నేరుగా చట్టంలోనే రాసింది. ఈ ఒక్క వాక్యం కోసం వైన్‌లాండ్ నుంచి లెక్కేస్తే 109 ఏళ్లు పట్టింది.

*

ఇప్పుడు చెల్లి సంగతికి వద్దాం. ఆ చట్టం చెప్పేది ఎం.ఫిల్. స్థాయి మనిషి గురించి. దానికి సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. పైగా కొత్త విద్యా విధానంలో ఎం.ఫిల్. అనేదాన్నే తీసేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. ఆ మెట్టుకి ముందు డిగ్రీ, పీజీ పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లకీ ఇంటర్న్‌షిప్ కావాలి. 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మామూలు డిగ్రీలోనే పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవ, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం.

ఆలోచన మంచిదే. ఉద్దేశాన్ని తప్పుపట్టను. కానీ ఇంటర్న్‌షిప్ చేయమని జీవో తీసినంత తేలిగ్గా పర్యవేక్షకులు పుట్టరు. ఒక సీనియర్ ఒకసారికి ఎంతమంది పక్కన కూర్చోగలదు? ఇద్దరు, ముగ్గురు. పక్కన కూర్చునే మనుషులు తక్కువ, సర్టిఫికెట్ అవసరమైనవాళ్లు ఎక్కువ. ఆ రెండిటి మధ్య ఖాళీలో ఒక వ్యాపారం మొలిచింది. పదిహేను రోజులు, ఆన్‌లైన్, ఫీజు ఇంత, సర్టిఫికెట్ గ్యారంటీ. మా చెల్లికి వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలు నేనే చూశాను. పని నేర్చుకునేవాడికి కూలి తక్కువివ్వడం మా మగ్గాల్లో ఉండేది. నేర్చుకునేవాడే డబ్బు కట్టి, నేర్పేవాడు కనపడకపోవడం మాత్రం కొత్త.

ఇంకో సంగతి, భాష. చెల్లి నింపాల్సిన ఫారాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా ఊరి మనుషులు బాధని అలా చెప్పరు. "గుండెకాయ దడదడమంటాది", "తల్లో ఏందో గుయ్యిమంటాది", "కడుపులో దిగులు" అంటారు. సగం తమిళం, సగం తెలుగు. "దిగులు" అనే మాటని ఏ గడిలో వేయాలి? ఆందోళనా, కుంగుబాటా, బెంగా? ఇక్కడ పుస్తకం సాయం చేయదు. మా ఊరి "దిగులు"ని పదిమంది నోట విని, వాళ్లకి తర్వాత ఏమైందో చూసిన సీనియర్ ఒకరు పక్కన ఉంటే చెప్పగలరు. పర్యవేక్షణలో ఎక్కువ భాగం ఈ అనువాదమే అని నాకు అనిపిస్తుంది. కాలికాక్ ఇళ్లు తిరిగిన ఆడవాళ్లు చేయని పని కూడా ఇదే. ఎదుటివాళ్ల మాటని వాళ్ల అర్థంలో వినకుండా తమ గడిలో పడేశారు.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి ఏ వైద్యమూ అందడం లేదు. మనుషులు ఇంత తక్కువున్నప్పుడు, చెల్లి లాంటి పిల్లలని కూర్చోబెట్టడం తప్పా అని అడిగేవాళ్లున్నారు. ఎవరూ లేకపోవడం కన్నా ఒకరున్నారు కదా అని. ఈ వాదనని నేను తేలిగ్గా కొట్టేయలేను. ఆ రోజు వచ్చినామె మాట విన్నది చెల్లి ఒక్కతే. చెల్లి లేకపోతే ఆ మాట కూడా తలుపు దాటి పోయేది. కానీ విన్న మాటని ఎవరికి అందించాలో తెలియని చెవి, రోగికి సగం వైద్యమే. విన్నవాళ్లకి అది పూర్తి బరువు. ఇరవై రెండేళ్ల పిల్ల ఆ బరువుని ఒక రాత్రంతా ఒక్కతే మోసింది. ఇంటర్న్‌షిప్ నియమాలన్నీ విద్యార్థి చదువు కోసం అనుకుంటాం గానీ, చరిత్ర చూస్తే అవి ముందు ఎదుటి కుర్చీలో మనిషి కోసం.

చెల్లి నాకు ఆ విషయం చెప్పడం కూడా తప్పే, పేరు చెప్పకపోయినా సరే. ఆ సంగతి తర్వాత ఆమే అంది. "నీకు చెప్పకూడదునా, కానీ చెప్పాల్సినోళ్లు ఫోన్ ఎత్తలేదు." అందుకే ఇక్కడ ఆమె గుర్తులన్నీ మార్చి రాశాను.

*

ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. చెల్లి ఆ సంస్థలో ఒక నర్సు నంబరు సంపాదించింది. నర్సు 12 గంటలకి లేచి, రిజిస్టర్‌లో చూసి, వచ్చినామె ఇంటికి ఫోన్ చేసింది. పొద్దున్నే ఆమెని, వాళ్లమ్మని వెంటబెట్టుకుని తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చెల్లి కూడా పోయింది. అక్కడి డాక్టరు ఆమెతో మాట్లాడేటప్పుడు చెల్లిని బయటికి పొమ్మనలేదు, మూలన స్టూలు చూపించి కూర్చోమన్నారు. అడగడానికే భయపడిన ప్రశ్నని, చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నదాన్ని, ఆ డాక్టరు ఎంత మామూలుగా, ఎంత మెల్లగా అడిగారో చెల్లి నాకు చెప్పింది. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందేమో అని తను అనుకుందట. అడిగాక ఆమె ఏడ్చి, కుదుటపడి, మంచినీళ్లు అడిగిందట.

"ఆ అరగంటలో నేర్చుకున్నానునా. మిగతా నెలంతా సంతకాలే."

చెల్లి ఇంటర్న్‌షిప్ రిపోర్టు కాలేజీలో ఇచ్చింది. లాగ్‌బుక్‌లో తేదీ, గంటలు, సంతకం అని మూడు గళ్లు. ఆ సీనియర్ ఊళ్లో లేని రోజులకి కూడా సంతకాలు ఉన్నాయి. తిరుపతి ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చున్న అరగంట అందులో ఎక్కడా లేదు, ఆ డాక్టరు ఆమె పర్యవేక్షకురాలు కాదు కాబట్టి. గంటలు సరిపోయాయి. రిపోర్టు పాసయింది.